పిల్లల మానసిక మందుల ఫాలో అప్: మా ఫ్యామిలీ డాక్టర్ క్లినిక్ ఎలా చేస్తోంది

ముందే చెప్పేస్తా, ఈ క్లినిక్‌కి నేను 5కి 4 ఇస్తున్నా. ఆ తగ్గించిన ఒక్కటి మాత్రం చిన్న విషయానికి తగ్గించలేదు, అదేంటో కింద రాశాను, దయచేసి అక్కడిదాకా చదవండి.

ఇక్కడ నేను రివ్యూ రాస్తున్నది మామూలు జలుబు, జ్వరాల సేవ గురించి కాదు. పిల్లలకి స్పెషలిస్ట్ మానసిక మందు మొదలుపెట్టి, డోసు కుదిరాక "ఇక మీ ఫ్యామిలీ డాక్టర్ దగ్గరే చూపించుకోండి, ఏదైనా తేడా వస్తే నా దగ్గరికి రండి" అని పంపిస్తారు కదా, ఆ తర్వాత జరిగే పని గురించి. పిల్లల సైకియాట్రిస్టులు ఎక్కడైనా తక్కువే, అపాయింట్‌మెంట్ దొరికేసరికి నెలలు పడుతుంది, అందుకని రోజువారీ కనిపెట్టుకుని ఉండే బాధ్యత చివరికి ఫ్యామిలీ డాక్టర్ మీదే పడుతుంది. అది ఎంత బాగా చేస్తే పిల్లలు అంత క్షేమంగా ఉంటారు. మా బాబుకి 9 ఏళ్లు, ఏడీహెచ్‌డీకి (ఒకచోట కుదురుగా, శ్రద్ధగా ఉండలేని సమస్య) మిథైల్‌ఫెనిడేట్ అనే మందు వాడుతున్నాడు. మా అక్క కూతురికి 15, డిప్రెషన్‌కి ఫ్లూఆక్సెటిన్ అనే మందు. ఇద్దరూ ఇదే క్లినిక్, ఒకే డాక్టరమ్మ. చిన్నపిల్లల సంగతి కాబట్టి క్లినిక్ పేరు, ఊరు రాయడం లేదు, రాయకపోయినా మీ దగ్గర్లో ఉన్న క్లినిక్‌లో ఏం అడగాలో దీన్నిబట్టి తెలుస్తుంది.

నాకు మొట్టమొదట నచ్చింది ఏంటంటే, బాబుకి మందు మొదలవ్వకముందే ఒకసారి రమ్మన్నారు. ఇంకా మాత్రే వేసుకోని పిల్లాడిని ఏం చూస్తారు అనుకున్నాం. ఎత్తు, బరువు, బీపీ, పల్స్ తీసుకుని, స్టెతస్కోప్‌తో గుండె విని, తర్వాత చాలా ప్రశ్నలు అడిగారు. పరిగెత్తేటప్పుడు ఎప్పుడైనా కళ్లు తిరిగి పడిపోయాడా, గుండె దడగా ఉందన్నాడా, మీ రెండు వైపులా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని. ఈసీజీ తీస్తారా అని నేనే అడిగితే, గుండె జబ్బు చరిత్ర గానీ, వినేటప్పుడు తేడా గానీ ఉంటేనే తీయిస్తాం, అందరికీ అక్కర్లేదు అన్నారు. ఆ తర్వాత నిద్ర ఎన్నింటికి పోతాడు, ఎంతసేపటికి పడుతుంది, తిండి ఎలా తింటాడు, కళ్లు ఆర్పడం, భుజం ఎగరేయడం లాంటివి ముందునుంచే ఉన్నాయా, ఇవన్నీ కూర్చుని రాసుకున్నారు. అప్పట్లో ఇదంతా ఎందుకో అర్థం కాలేదు కానీ తర్వాత అర్థమైంది. మందు మొదలైన కొత్తలో "వీడికి రాత్రి నిద్ర పట్టట్లేదు" అని మేం టెన్షన్ పడుతుంటే ఆవిడ ఆ పాత కాగితం తీసి, వీడు ముందు కూడా మంచమెక్కాక చాలాసేపటికి గానీ నిద్రపోయేవాడు కాదని చూపించారు. ఆ కాగితమే లేకపోతే ఆ నింద కూడా మందు మీదే వేసేవాళ్లం, అనవసరంగా ఆపించేవాళ్లం.

కొలతల గురించి కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే చాలా చోట్ల ఇక్కడే కక్కుర్తి పడతారు. ఇక్కడ నర్సమ్మ చెప్పులు, జాకెట్ తీయించి, "మడమలు గోడకి ఆనించు నాన్నా, ఎదురుగా చూడు, పైకి కాదు" అని గడ్డం సరిచేసి, పలక తల మీదకి దించి ఎత్తు చూస్తారు. వాడు కదిలితే మళ్లీ మొదటినుంచీ. బీపీ పట్టీ పిల్లల సైజుది వేరేగా ఉంటుంది, చెయ్యి చుట్టుకొలత చూసి మరీ ఎంచుకుంటారు, ఎందుకంటే ఇరుకు పట్టీ వేస్తే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుందట. పిల్లాణ్ణి కాసేపు ఊరికే కూర్చోబెట్టి అప్పుడు తీస్తారు. వచ్చిన అంకెని అలా వదిలేయకుండా ఎదుగుదల చార్ట్ మీద చుక్క పెడతారు. అసలు విషయం ఆ చుక్కలోనే ఉంది. ఎదిగే పిల్లాడి బరువు పోయినసారి ఎంత ఉందో ఈసారీ అంతే ఉంటే మనకి "తగ్గలేదు కదా" అనిపిస్తుంది, చార్ట్ మీద చూస్తే వాడు వాడి గీత నుంచి కిందకి జారిపోతున్నాడని తెలుస్తుంది. మా వాడి విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. ఇంట్లో ఎవరం గమనించలేదు, చార్ట్ పట్టేసింది.

అప్పుడు ఆవిడ మందు ఆపేయలేదు. ఈ మందుకి ఆకలి చంపే గుణం ఉంది కాబట్టి మాత్ర ఉదయం తిన్నాక వేయండి, ముందు వద్దు, మధ్యాహ్నం సరిగ్గా తినకపోయినా గొడవ పెట్టుకోకండి, సాయంత్రం మందు ప్రభావం దిగిపోయాక ఆకలి తిరిగొస్తుంది, అప్పుడు కడుపునిండా పెట్టండి, పడుకునే ముందు ఇంకోసారి ఏదైనా పెట్టండి అన్నారు. వచ్చేసారికి చుక్క మళ్లీ పైకి తిరిగింది. తిరగకపోతే డోసు గురించి స్పెషలిస్ట్‌తో మాట్లాడదాం అని కూడా ముందే చెప్పి ఉంచారు. ఎత్తు సంగతి కూడా దాచకుండా చెప్పారు, కొందరు పిల్లల్లో ఎదుగుదల కొద్దిగా నెమ్మదించే అవకాశం ఉంది, అందుకే కొలుస్తున్నాం అని. బ్రిటన్ వాళ్ల నైస్ సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 10 ఏళ్లు, ఆ లోపు పిల్లలకి 3 నెలలకోసారి బరువు, 6 నెలలకోసారి ఎత్తు, డోసు మార్చిన ప్రతిసారీ ముందూ వెనకా, లేకపోయినా 6 నెలలకోసారి పల్స్, బీపీ చూడాలని ఉంది. ఈ క్లినిక్ అంతకు తక్కువ ఎప్పుడూ చేయలేదు.

స్కూల్ సంగతి కూడా వదలరు. ఏడీహెచ్‌డీ లక్షణాలు ఎంత ఉన్నాయో చూసే వాండర్‌బిల్ట్ ఫారం అని ఒకటి మాకూ, క్లాస్ టీచర్‌కీ వేరువేరుగా ఇస్తారు. ఇంట్లో మేం చూసేది మందు దిగిపోయిన పిల్లాణ్ణి, స్కూల్లో టీచర్ చూసేది మందు మీదున్న పిల్లాణ్ణి, రెండూ పక్కపక్కన పెడితే గానీ మందు పని చేస్తోందో లేదో తేలదు. టీచర్ ఫారంలో "బాగా నెమ్మదిగా ఉంటున్నాడు" అని రాస్తే అందరం సంబరపడ్డాం, డాక్టరమ్మ మాత్రం, నెమ్మది అంటే శ్రద్ధగా ఉంటున్నాడా, దిగాలుగా మొద్దుబారినట్టు ఉంటున్నాడా అని కబురు పంపి మళ్లీ అడిగించారు. డోసు ఎక్కువైతే పిల్లలు అలా స్తబ్దుగా కూడా అయిపోతారట. ఆ ఒక్క ప్రశ్నకే ఆవిడకి దండం పెట్టాలనిపించింది.

ఇక అక్క కూతురి విషయం. ఇక్కడ మందు వేరు, భయమూ వేరు. ఫ్లూఆక్సెటిన్ పెట్టె లోపల కాగితంలో నల్ల గీతల డబ్బాలో ఉన్న హెచ్చరిక చదివి మా అక్క రాత్రంతా ఏడ్చింది. ఆత్మహత్య ఆలోచనలు తగ్గడానికి ఇచ్చే మందు మీద ఆత్మహత్య ఆలోచనల హెచ్చరిక ఉంటే ఏ తల్లికైనా అలాగే ఉంటుంది. డాక్టరమ్మ కొట్టిపారేయలేదు, కూర్చోబెట్టి చెప్పారు. అమెరికాలో మందుల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2004లో ఈ హెచ్చరిక పెట్టింది, 2007లో 24 ఏళ్ల వరకు యువతకి కూడా దాన్ని పొడిగించింది. అప్పుడు పరిశీలించిన పిల్లల ట్రయల్స్‌లో మందు తీసుకున్న 100 మందిలో దాదాపు నలుగురికి, ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 100 మందిలో దాదాపు ఇద్దరికి ఆత్మహత్య ఆలోచనలో, ప్రయత్నమో కనిపించాయి, ఆ ట్రయల్స్‌లో ప్రాణం పోయినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. ఆ లెక్క చెప్పి, వైద్యం చేయని డిప్రెషన్‌కి కూడా ప్రమాదం ఉంటుంది, కాబట్టి మందు ఇద్దాం, ఇచ్చి మొదటి వారాలు గట్టిగా కనిపెడదాం, డోసు మార్చినప్పుడల్లా మళ్లీ అలాగే చూద్దాం అన్నారు. భయపెట్టకుండా, దాచకుండా ఇలా చెప్పగలిగే డాక్టర్ దొరకడం అదృష్టం.

చెప్పినట్టే చేశారు. మొదటి నెలలో ప్రతి వారం, ఒకసారి క్లినిక్‌కి వెళితే ఒకసారి నర్సమ్మే ఫోన్ చేసేది, అదీ అక్కకి కాకుండా నేరుగా అమ్మాయికి. వెళ్లిన ప్రతిసారీ తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటి నింపిస్తారు, డిప్రెషన్ ఎంత ఉందో కొలిచే పీహెచ్‌క్యూ అనే ఫారంలో టీనేజ్ పిల్లల కోసం ఉన్న రకం. డాక్టరమ్మ ఆ కాగితం చేతిలోకి తీసుకోగానే మొత్తం స్కోరు చూడరు, ముందు చూపు తొమ్మిదో ప్రశ్న మీదకి వెళుతుంది. చనిపోతే బాగుండు అని గానీ, తనని తాను గాయపరచుకోవాలని గానీ అనిపించిందా అన్నది ఆ ప్రశ్న. మొత్తం స్కోరు ఎంత తగ్గినా అక్కడ సున్నా కాకపోతే ఆ రోజు మాటలు దాని గురించే.

తర్వాత "మీరు కాసేపు బయట కూర్చోండమ్మా" అంటారు అక్కతో. మొదటిసారి అక్కకి కష్టంగా అనిపించింది, నా కూతురు నాకు తెలియకుండా డాక్టర్‌తో ఏం మాట్లాడుతుంది అని. కానీ బయటకి పంపే ముందే ఇద్దరినీ ఎదురుగా పెట్టుకుని ఒప్పందం చెప్పారు: నువ్వు చెప్పేవి నా దగ్గరే ఉంటాయి, నీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ప్రమాదం అనిపిస్తే మాత్రం అమ్మకి చెప్పి తీరతాను, చెప్పే ముందు నీకు చెబుతాను అని. ఆ ఏకాంతంలోనే అమ్మాయి, రాత్రుళ్లు కాళ్లు ఊరికే ఉండట్లేదని, ఒంట్లో ఏదో పరుగెడుతున్నట్టుందని, చిరాకుతో పుస్తకాలు విసిరేస్తున్నానని చెప్పింది. మాకైతే అది వయసు చిరాకులా కనిపించింది. డాక్టరమ్మ అది మందు మొదట్లో కొందరు పిల్లల్లో వచ్చే అలజడి అని గుర్తుపట్టి, మా తాతల వైపు బైపోలార్ (విపరీతమైన ఉత్సాహం, దిగులు మార్చి మార్చి వచ్చే జబ్బు) లాంటిది ఎవరికైనా ఉందా అని మళ్లీ ఒకసారి అడిగి, స్పెషలిస్ట్‌కి ఆ రోజే ఫోన్ చేసి డోసు తగ్గించారు, తర్వాత మెల్లగా పెంచారు. మాత్రలు మర్చిపోతున్నావా అని కూడా అడుగుతారు, తిట్టే గొంతుతో కాదు, "ఈ వారంలో ఎన్ని మిస్సయ్యాయి?" అని మామూలుగా. అలా అడిగితే పిల్లలు నిజం చెబుతారు. బాగుందనిపించగానే మీ అంతట మీరు ఆపేయొద్దు, కోలుకున్నాక కూడా 6 నుంచి 12 నెలలు కొనసాగించి అప్పుడు పరీక్షలూ పరీక్షల టెన్షన్లూ లేని సమయం చూసుకుని దశలవారీగా తగ్గిద్దాం అని ఇప్పటినుంచే చెప్పి ఉంచారు.

వెయిటింగ్ హాల్లో పరిచయమైన ఒకావిడ తన బాబు గురించి చెప్పింది, ఆటిజంతో పాటు వచ్చే విపరీతమైన చిరాకుకి రిస్పెరిడోన్ వాడుతున్నాడు. ఆవిడ అనుమతితోనే రాస్తున్నా, ఎందుకంటే యాంటీసైకోటిక్ అనే ఈ రకం మందులకి కనిపెట్టడం ఇంకా ఎక్కువ కావాలి. ఆకలి చంపడం కాదు, వీటితో ఆకలి ఆగదు, బరువు గబగబా పెరుగుతుంది, షుగర్, కొలెస్టరాల్ మీద ప్రభావం పడుతుంది. ఇదే రకానికి చెందిన ఒలాంజపిన్‌తో అయితే ఇంకా ఎక్కువ. అమెరికాలో డయాబెటిస్ అసోసియేషన్, సైకియాట్రిక్ అసోసియేషన్ కలిసి 2004లోనే చెప్పాయి, మొదలుపెట్టే ముందు బరువు, నడుము చుట్టుకొలత, బీపీ, పరగడుపున షుగర్, కొవ్వులు చూడాలి, 4, 8, 12 వారాలకి బరువు చూడాలి, 12 వారాలకి రక్త పరీక్షలు మళ్లీ చేయించాలి అని. ఈ క్లినిక్‌లో ఆ బాబుకి ఇవన్నీ తేదీ తప్పకుండా జరిగాయట. ఛాతీ వాపు, పాలలాంటి ద్రవం లాంటివి ఉన్నాయా అని కూడా అడుగుతారట, ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరిగితే అలా అవుతుంది, అడగకపోతే మగపిల్లలు సిగ్గుతో చచ్చినా చెప్పరు.

వాళ్లు చేసే ఇంకో పరీక్ష గురించి ఆవిడ చెబుతుంటే ఆశ్చర్యపోయాను. యంత్రం లేదు, సూది లేదు. నోట్లో ఏమైనా ఉంటే తీయించి, కుర్చీలో చేతులు వేలాడేసి కూర్చోబెడతారు, నోరు తెరిచి నాలుక చాపమంటారు, బొటనవేలితో మిగతా వేళ్లని ఒక్కొక్కటిగా గబగబా తాకమంటారు, ఆ పని మీద వాడి ధ్యాస ఉండగా డాక్టరమ్మ మాత్రం వాడి మొహం, పెదాలు, పాదాలు చూస్తుంటారు, వాటంతటవే ఏమైనా కదులుతున్నాయా అని. ఎయిమ్స్ స్కేల్ అంటారట, ఆసుపత్రి పేరు కాదు, అసంకల్పిత కదలికలని లెక్కపెట్టే పద్ధతి. మందు వల్ల వచ్చే ఆ కదలికలు ముదిరాక పోవడం కష్టం కాబట్టి మొదట్లోనే పట్టుకోవాలి. ఐదు పది నిమిషాల పని, చాలా చోట్ల ఎవరూ చేయరు.

ఇప్పుడు ఆ తగ్గించిన మార్కు సంగతి.

డాక్టరమ్మ సెలవు పెట్టిన కాలంలో బదులు వచ్చిన డాక్టర్ మా బాబుని బరువు చూడకుండానే, కనీసం వాణ్ణి గదిలోకి పిలవకుండానే చీటీ రాసి కౌంటర్‌లో పెట్టించారు. ఇన్నాళ్లు మేం మెచ్చుకున్నదంతా ఒక మనిషి పట్టుదల వల్ల నడుస్తోంది తప్ప క్లినిక్ పద్ధతి వల్ల కాదని ఆ రోజు తెలిసింది. కొలతలు లేకుండా రిపీట్ చీటీ రాకూడదని కంప్యూటర్‌లోనే అడ్డం పెట్టొచ్చు కదా అని అడిగితే మేనేజర్ చూస్తాం అన్నారు. రెండోది, స్పెషలిస్ట్‌కీ క్లినిక్‌కీ మధ్య ఉత్తరాలు. అక్కడ డోసు మార్చిన ఉత్తరం ఇక్కడికి రాలేదు, ఇక్కడ పాత డోసే ప్రింట్ అయింది, మందుల షాపులో అమ్మాయి "పోయినసారి వేరే పవర్ కదండీ" అని అడగబట్టి దొరికింది. అప్పటినుంచి స్పెషలిస్ట్ ఇచ్చిన కాగితం ఫొటో తీసి నేనే కౌంటర్‌లో ఇస్తున్నా, కానీ ఆ పని తల్లిదండ్రులది కాకూడదు.

మూడోది అన్నిటికంటే పెద్దది. సాయంత్రం క్లినిక్ మూసేశాక ఫోన్ చేస్తే రికార్డ్ చేసిన గొంతు రేపు ఉదయం చేయమంటుంది, అంతే. టీనేజ్ పిల్లలకి ఇలాంటి మందు మొదలుపెట్టి "ఏ తేడా కనిపించినా వెంటనే చెప్పండి" అన్న క్లినిక్, రాత్రి ఎవరికి చెప్పాలో కూడా చెప్పాలి. అత్యవసర నంబర్ ఏది, దగ్గర్లో రాత్రంతా తెరిచి ఉండే ఆసుపత్రి ఏది, ఆ రికార్డింగ్‌లోనే రెండు ముక్కలు చేర్చినా చాలు. డాక్టరమ్మ మాకు విడిగా ఒక కాగితం మీద రాసిచ్చారు, ఏ లక్షణాలు కనిపిస్తే ఎక్కడికి పరిగెత్తాలి, ఇంట్లో మందులు, పదునైనవి ఎలా తాళం వేసి పెట్టాలి అని, అది ఫ్రిజ్ మీద అంటించాం. ఆ కాగితం ఆవిడ పేషెంట్లకే కాకుండా ఇలాంటి మందు వాడే ప్రతి ఇంటికీ అందాలి.

చేయని పనుల గురించి కూడా తెలుసుకుని వెళ్లండి. ఇక్కడ కౌన్సెలింగ్ లేదు, దానికి వేరే చోటికి రాసిస్తారు, కానీ ప్రతి విజిట్‌లో "సెషన్స్‌కి వెళుతోందా" అని అడుగుతారు, మాత్ర ఉంది కదా అని అది మానేయనివ్వరు. మా చిన్న మేనల్లుడికి నాలుగేళ్లు, వాడూ ఒకచోట నిలవడు, మందు ఇస్తారా అని అడిగితే ఆ వయసులో ముందు తల్లిదండ్రులకి ఇచ్చే శిక్షణ, మందు ఆ తర్వాతి మాట అని ఖచ్చితంగా చెప్పారు. బైపోలార్‌కి ఇచ్చే లిథియం వాడే పిల్లల డోసు మార్చడం తమ పని కాదంటారు. రక్తం తీసి పంపుతారు, అదీ ఆఖరి డోసు వేసుకున్న 12 గంటలకి, కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు చేయిస్తారు, వాంతులు విరేచనాలైనా, ఒంట్లో నీరు తగ్గినా వెంటనే చెప్పండి, ఇబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు మీ అంతట మీరు వేయకండి అని హెచ్చరిస్తారు, కానీ నిర్ణయం స్పెషలిస్ట్‌దే. తన హద్దు తనకి తెలిసిన డాక్టర్ మీద నాకు నమ్మకం ఇంకా పెరిగింది.

వెళ్లేవాళ్లకి నాలుగు మాటలు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడు మామూలు విజిట్ కాదు, మందుల ఫాలో అప్ అని స్పష్టంగా చెప్పండి, లేకపోతే చిన్న స్లాట్ ఇచ్చేస్తారు. రక్త పరీక్ష ఉందేమో, ఉంటే పరగడుపున రావాలేమో ముందే అడగండి, వాళ్లు చెప్పడం మర్చిపోతారు, తినేసి వెళితే మళ్లీ ఇంకో రోజు స్కూల్ మానేయాల్సి వస్తుంది. పిల్లాడు వేసుకునే ప్రతిదీ, జలుబు మాత్రా, ఆయుర్వేదమూ, జిమ్ పొడీ, అన్నీ సంచీలో వేసుకుని వెళ్లండి. సంవత్సరానికోసారి "ఈ మందు ఇంకా కావాలా?" అని మీరే అడగండి. ఈ డాక్టరమ్మ మనం అడగకముందే ఆ మాట ఎత్తుతారు, అందరూ ఎత్తరు.

అక్క కూతురికి ఇంకో మూడేళ్లలో 18 వస్తాయి. అప్పుడు పిల్లల స్పెషలిస్ట్ చూడరు, పెద్దవాళ్ల స్పెషలిస్ట్‌కి మారాలి, ఆ మధ్య కాలంలో మందు ఎవరు రాస్తారు, ఎవరు కనిపెడతారు అని క్లినిక్‌కి రాతపూర్వకంగా అడిగాం. డాక్టరమ్మ తాను చూసుకుంటానన్నారు, క్లినిక్ నుంచి మాత్రం ఇంకా జవాబు రాలేదు. వచ్చాక ఇక్కడే రాస్తా.